కాస్త తోడు ఇస్తారా?

పాలు తోడుపెట్టడం గురించి కూడా వ్యాసం రాస్తారా అని మీరు అడగబోయే ముందే మా వారు అడిగేశారు. "ఇన్నాళ్ళూ నవలల్లో నాయికలని కష్టపెట్టావు, ఇప్పుడు పెరుగుమీద పడ్డావా?" అన్నారు. పడ్డాను. కారణం ఉంది. కాస్త ఓపిగ్గా వినండి.

2024 వేసవిలో ఓ పెళ్ళికని హైదరాబాదు వెళ్ళి, వారంరోజులుండి బెజవాడ తిరిగొచ్చాం. ఊరెళ్ళేముందు ఫ్రిజ్ ఖాళీచేసి, తుడిచి, తలుపు వారగా తెరిచిపెట్టి వెళ్ళడం మా అత్తగారు నేర్పిన అలవాటు. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి, వీధి చివర కొట్లో పాలపాకెట్లు తెచ్చి కాచి, గోరువెచ్చగా చల్లార్చి, తోడువేద్దామని చూస్తే ఏముంది? ఇంట్లో చుక్క పెరుగు లేదు. మా వారు కూర లేకపోయినా సర్దుకుంటారుగాని, పెరుగన్నం లేని భోజనాన్ని భోజనాల లెక్కలో వెయ్యరు.

సరే, ఎదురు ఫ్లాటువాళ్ళున్నారుగా అనుకుని చిన్నగిన్నె పట్టుకువెళ్ళి గంట నొక్కాను. మేమూ వాళ్ళూ ఎదురెదురుగా ఉండబట్టి నాలుగేళ్ళయింది. లిఫ్టులో నవ్వుకుంటాం. సంక్రాంతికి వాట్సాప్‌లో ముగ్గుబొమ్మలు పంపుకుంటాం. అంతకుమించి రాకపోకలు లేవు, పేచీలూ లేవు. ఆ ఇంటి కోడలు తలుపు జానెడు తెరిచి నన్ను చూసి కంగారుపడిపోయింది.

"ఏమైంది ఆంటీ? అంకుల్ బాగానే ఉన్నారా?"

రాత్రిపూట పొరుగువాళ్ళు తలుపు కొట్టారంటే ఎవరికో గుండెనొప్పి వచ్చి ఉండాలని ఆ పిల్ల లెక్క.

"బాగానే ఉన్నారమ్మా. కాస్త తోడు ఇస్తావా?" అన్నాను.

"తోడా? తప్పకుండా ఆంటీ! ఎక్కడికి వెళ్ళాలి?" అంది, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.

నవ్వకండి. ఆ పిల్ల మనసు మంచిదే. వెళ్ళాలంటే వచ్చేదే. పెరుగుచుక్క అని వివరించేసరికి, "అయ్యో, మేం ఇంట్లో తోడుపెట్టం ఆంటీ, డబ్బాపెరుగే తింటాం, అదీ ఇవాళ అయిపోయింది. ఉండండి" అంటూ ఫోను తీసి నాలుగు నొక్కులు నొక్కింది. పది నిమిషాల్లో ఎవరో కుర్రాడు రొప్పుతూ వచ్చి నా చేతిలో పెరుగుడబ్బా పెట్టి వెళ్ళాడు. డబ్బులు కూడా ఆ పిల్లే ఇచ్చేసింది.

ఆ పెరుగు తోడేస్తే ఏం తిరకాసు జరిగిందోగాని పొద్దుటికి పాలు బంకలా సాగాయి. మా పనమ్మాయి చూసి పకపకా నవ్వింది. సింగ్‌నగర్ నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది. పేరు రాయను, రాస్తే ఊరుకోదు. మర్నాడు చీర చెంగులో చుట్టి బుల్లి స్టీలుడబ్బా ఒకటి తెచ్చింది. "మా ఇంట్లో తోడమ్మా. మా అత్త కాపరానికొచ్చినప్పటినుంచీ ఉన్న తోడు. దీంతో వెయ్యండి" అంది. పొద్దుటికి గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా తోడుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో అదే తోడు. ఆ డబ్బా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ రాత్రి పడుకున్నాక మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. పామర్రుకి దగ్గర్లోని పల్లెటూరు. వేసవిసెలవలకి వెళ్ళేవాళ్ళం. ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనూ అన్ని వస్తువులూ ఉండేవి కావు. నిచ్చెన ఒకరింట్లో, పెద్ద గంగాళం ఒకరింట్లో, జంతికల గొట్టం ఇంకొకరింట్లో. కాఫీపొడి అయిపోతే పక్కింటికి, చింతపండుకి ఎదురింటికి, తోడుకి వెనకింటికి పిల్లలం గిన్నెలు పట్టుకుని పరుగులు పెట్టేవాళ్ళం. దీన్నే చేబదులు అనేవారు. కాగితం లేదు, వడ్డీ లేదు. గ్లాసు తెచ్చుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు గ్లాసుమీద గోపురం కట్టి ఇవ్వాలి. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి పంపకూడదు. నాలుగు కరివేపాకురెబ్బలైనా వెయ్యాలి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో కబుర్లు కూడా వచ్చేవి. ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు, ఎవరి కోడలు ఏడుస్తోంది, అన్నీ ఆ గిన్నెలతోపాటే ఇల్లిల్లూ తిరిగేవి. పొయ్యి వెలగని ఇంటికి చీకటిపడేలోపల అన్నం వెళ్ళిపోయేది. "పాపం" అనే మాట రోజుకి పదిసార్లు వినపడేది. అది ఇప్పుడు మనం టీవీ చూస్తూ అనే పాపం కాదు. లేచి వెళ్ళే పాపం.

ఇక మజ్జిగ సంగతి. తెల్లవారుజామున అమ్మమ్మ చల్లచిలికేది. కవ్వం చప్పుడు ఆగేసరికి దొడ్డిగుమ్మం దగ్గర చెంబులు, ముంతలు పట్టుకుని పదిమంది ఉండేవారు. వెన్న మనది, మజ్జిగ ఊరిది. మజ్జిగ అమ్ముకోవడమంటే ఊళ్ళో తలెత్తుకోలేనంత పరువుతక్కువ.

తరవాత ఊరికి పాలకేంద్రం వచ్చింది. తప్పేమీ లేదు, మంచే జరిగింది. వెన్నశాతం చూసి పక్షానికోసారి డబ్బులిచ్చేవారు. ఆ పాలడబ్బులతోనే మా చిన్నమామయ్య ఇంజనీరింగు చదివాడు. ఇవాళ అమెరికాలో ఉన్నాడు. అయితే పాలు బిందెలకొద్దీ కేంద్రానికి వెళ్ళిపోయాక చిలకడానికి పెరుగు ఎక్కడిది? చెంబులవాళ్ళు నాలుగురోజులు వచ్చి చూశారు, ఆ తరవాత మానేశారు. అమ్మమ్మ ఎవరినీ పొమ్మనలేదు. మామయ్యా మనసు రాయి చేసుకోలేదు. ఎవరి తప్పూ లేకుండానే దొడ్డిగుమ్మం మూతపడింది. సిరి వచ్చినప్పుడు దయ పోతుందని పెద్దలు అంటారు. పోతూపోతూ చప్పుడు చేసి పోతుందేమో అనుకునేదాన్ని. అదేం లేదు. పని లేక ఊరుకుంటుంది, అంతే.

ఇక్కడ ఒకమాట ఒప్పుకోకపోతే మా అమ్మమ్మకే ద్రోహం చేసినట్టు. ఆవిడ మజ్జిగ అందరికీ పోసేది. కానీ కొందరికి గుమ్మం అవతల నిలబెట్టి, చెంబుకి చెంబు తగలకుండా పైనుంచి ఎత్తి పోసేది. వాళ్ళింటి మజ్జిగ ఆవిడ జన్మలో తాగి ఎరగదు. ఇవ్వడం తెలుసుగాని, కొందరి దగ్గర పుచ్చుకోవడం తెలియదు. ఆ రోజుల్లో దయకి కూడా గడప ఉండేది. అందుకే "ఆ రోజులే రోజులు" అని ఎవరైనా అంటే నేను సగమే తల ఊపుతాను.

మన డెల్టా సిరి కూడా పుట్టుకతో వచ్చింది కాదు. 1832-33లో ఈ ప్రాంతాన్ని కరువు ఊడ్చేసింది. నందననామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువు అన్నారు. గుంటూరు సీమలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. కృష్ణ పక్కనుంచే పారుతున్నా పొలానికి చుక్క ఎక్కదు. ఆ చావులు చూశాకే నదికి అడ్డుకట్ట కట్టాలన్న ఆలోచన బలపడి, 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1952లో అది తెగింది. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆ కాలవనీళ్ళే మన వరి, మన చెరుకు, మన చదువులు, మన అమెరికాలు. అంటే మన ఇళ్ళల్లో ఉన్న బీరువాలన్నిటికీ అడుగున ఒకప్పుడు ఆకలితో పోయిన మనుషులున్నారన్నమాట. బీరువా తెరిచినప్పుడు ఎవరికి గుర్తుంటుంది? నాకూ ఉండదు.

గోదావరి జిల్లా లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారుండేవారు. 1841లో పుట్టి 1909లో పోయారు. దారినపోయే ఆకలిమనిషి ఎవరైనా, ఏ వేళైనా, ఏ కులమైనా పిలిచి అన్నంపెట్టడమే ఆవిడ చేసిన పని. గడప అడ్డం పెట్టుకోని దయ ఆ కాలంలో కూడా ఒకరిద్దరిలో ఉండేదనడానికి ఆవిడే సాక్ష్యం. 2024లో మన బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. పేరు పెట్టుకోవడం తేలికే. ఆవిడ ఇంటికి దారినపోయేవాళ్ళు కూర్చునే వీలుండేది, అదీ అసలు సంగతి. మా అమ్మమ్మగారింటికీ వీధి అరుగులుండేవి. బాటసారి రాత్రికి అక్కడే మేను వాల్చేవాడు. ఇప్పుడు ఆ ఇల్లు పడగొట్టి మామయ్య మేడ కట్టించాడు. చేపలచెరువుల డబ్బు కొంత, డాలర్లు కొంత. ఎత్తు ప్రహరీ, నల్లరాతి మెట్లు, ఇనపగేటు, గేటుమీద కెమేరా. ఏడాదిలో పదకొండు నెలలు తాళం. కెమేరాలో ఊరిని అమెరికానుంచి చూస్తూ ఉంటాడు. అరుగు మాత్రం లేదు.

అలాగని డెల్టా మనసు ఎండిపోయిందని తీర్పు చెప్పడానికి నేనెవర్ని? 1977 నవంబరు 19న దివిసీమమీదికి సముద్రం లేచి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేలమంది దాకా పోయారు. నేనప్పటికి పుట్టలేదు. అమ్మమ్మ చెబుతుంటే వినేదాన్ని. "మా చేలూ పడిపోయాయే. అయినా ఎవరం చేలవంక చూడలేదు. ఊరి రామాలయం దగ్గర గాడిపొయ్యి తవ్వి వండి, బళ్ళకెత్తి పంపాం. వారంరోజులు ఇళ్ళల్లో పొయ్యి వెలిగించలేదు" అనేది. ఎన్.టి.రామారావు, నాగేశ్వరరావుగార్లు సినిమావాళ్ళందరితో కలిసి జోలెపట్టి ఊరూరా తిరిగారు. ఆడవాళ్ళు చేతిగాజులు తీసి వేశారని చెప్పుకునేవారు. అవనిగడ్డ మండలి వెంకట కృష్ణారావుగారు ఆ శవాలమధ్య, ఆ ఏడుపులమధ్య తిరిగి చేసిన సేవ దివిసీమ ఇప్పటికీ తలుచుకుంటుంది.

ఇంకా వెనక్కి వెళితే 1864లో బందరుమీద ఇలాంటి ఉప్పెనే వచ్చి ముప్ఫైవేలమంది పోయారు. అంటే మనకి సిరి ఇచ్చేదీ నీళ్ళే, పరీక్ష పెట్టేదీ నీళ్ళే. ఆ పరీక్ష నాకూ వచ్చింది. చెబుతాను.

దానికి ముందు ఇంకో కథ. 2011 అక్టోబరులో పేపర్లో చదివాను. చైనాలో ఫోషాన్ అనే ఊరు. బజారువీధిలో రెండేళ్ళ పాపని ఓ వ్యాను తొక్కేసి పోయింది. ఏడు నిమిషాల్లో పద్ధెనిమిదిమంది ఆ పాప పక్కనుంచే నడిచి, బళ్ళమీద వెళ్ళిపోయారు. ఈలోగా మరో బండి కూడా ఎక్కింది. చివరికి ఆగి, పాపని వీధిపక్కకి చేర్చి, వాళ్ళమ్మకోసం కేకలు పెట్టింది చెత్త ఏరుకుని బతికే ఓ పెద్దావిడ. వారానికి పాప పోయింది. అంతా అక్కడి కెమేరాలో రికార్డయింది. చైనా చైనా అంతా సిగ్గుతో ఏడ్చింది. ఇంత డబ్బు సంపాదించి మనమేమైపోయాం అని వాళ్ళే అడుక్కున్నారు.

సాయంచేస్తే మెడకి చుట్టుకుంటుందని భయం అన్నారు కొందరు. 2006లో నాన్‌జింగ్ నగరంలో బస్సు దగ్గర పడిపోయిన ఒక వృద్ధురాలిని లేపి ఆస్పత్రికి తీసుకెళ్ళిన యువకుడిమీదే ఆవిడ దావా వేసింది. తప్పు లేనివాడు ఎందుకు సాయంచేస్తాడన్న ధోరణిలో సాగింది కోర్టు వాదన. 2007లో అతన్ని డబ్బు కట్టమన్నారు. అతను తగిలిన మాట నిజమేనని ఏళ్ళ తరవాత బయటికొచ్చిందిగాని, అప్పటికే భయం దేశమంతా పాకిపోయింది. సాయంచేసినవాణ్ణి కాపాడే చట్టం అక్కడ 2017లో వచ్చింది. మన దగ్గర 2016లో సుప్రీంకోర్టు అలాంటి రక్షణ ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రాశారు. దెబ్బతగిలినవాణ్ణి ఆస్పత్రిలో చేరిస్తే ఇప్పుడు మన పేరు కూడా చెప్పనవసరం లేదు.

అప్పట్లో ఆ వార్త చదివి నేనేమన్నానో తెలుసా? "మన దగ్గరైతే ఇలా జరుగుతుందా?" అన్నాను. అలా అన్న కొన్నేళ్ళకే ఓరాత్రి హైవేమీద స్కూటరు పడి ఉంది, పక్కన మనిషీ ఉన్నాడు. మా వారు కారు నెమ్మది చేశారు. నలుగురు చేరుతున్నారు. "ఎవరో చూస్తున్నారు లెండి" అన్నాను నేను. మా వారు కాదు, నేనే అన్నాను. అద్దాలు ఎత్తి ఉన్నాయి. లోపల చల్లగా ఉంది. పాట వస్తోంది. ఆ పద్ధెనిమిదిమందీ కూడా అదే అనుకుని ఉంటారు. ఎవరో చూస్తున్నారు లెండి అని.

ఇక నా పరీక్ష.

2024 సెప్టెంబరు ఒకటో తారీకు, ఆదివారం. ముందురోజంతా కుంభవృష్టి. ఆ రోజు మా ఇంట్లో పన్నెండుమందికి భోజనాలు. అమెరికానుంచి వచ్చిన చిన్నమామయ్య కుటుంబం, ఇంకా దగ్గరవాళ్ళూ. గుత్తివంకాయ, పనసపొట్టు, బొబ్బట్లు. పొద్దున ఏడింటికి రావలసిన పనమ్మాయి ఎనిమిదైనా రాలేదు. ఫోను చేశాను, మోగలేదు. మళ్ళీ చేశాను. సింకునిండా గిన్నెలు. అయిదోసారి కూడా పలక్కపోయేసరికి ఒళ్ళు మండి, వాట్సాప్‌లో గొంతు రికార్డుచేసి పంపాను. "చుట్టాలొస్తారని వారంనుంచి చెబుతున్నానా? చెప్పకుండా మానేస్తే ఈసారి జీతం కోస్తాను, చెప్తున్నా!" సరిగ్గా ఇవే మాటలు. మార్చి రాయచ్చు. రాయను.

పదింటికి మామయ్య టీవీ పెట్టాడు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే బుడమేరు, గట్లు తెగి ఊరిమీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబేకాలనీ అన్నీ నీళ్ళల్లో ఉన్నాయి. కింద ఇళ్ళు కనపడడంలేదు. మనుషులు మేడలమీద నిలబడి చేతులూపుతున్నారు. బుడమేరుని బెజవాడ దుఃఖదాయిని అంటారు. ఏరు నడిచే దారిలో మనం స్థలాలు వేసి అమ్మి, కొని, ఇళ్ళు కట్టాం. లాభం ఒకరిది, చౌకగా దొరికిందని కొనుక్కున్న పేదవాడిది నష్టం. దుఃఖం ఎవరు దాయినులో మీరే చెప్పండి.

ఆ రాత్రి కృష్ణకి కూడా ఎన్నడూ లేని వరద. ప్రకాశం బ్యారేజి దగ్గర పదకొండు లక్షల నలభైవేల క్యూసెక్కులు దాటింది. మా ఇల్లు బెంజిసర్కిల్‌కి ఇవతల, నాలుగో అంతస్తు. మాకేం కాలేదు.

మర్నాడు మా అపార్టుమెంటులో ఆడవాళ్ళమంతా కలిసి పులిహోర చేశాం. నాలుగొందల పొట్లాలు. ఎదురు ఫ్లాటు పిల్ల తెల్లవార్లూ నిద్రపోకుండా పొట్లాలు కట్టింది. ఊరూరినుంచీ అన్నం లారీలమీద వచ్చింది, హెలికాప్టర్లు, డ్రోన్లు కూడా మోసుకెళ్ళాయి. పడవకి మనిషికింతని బేరం పెట్టినవాళ్ళున్నారని విన్నాను. ముసలివాళ్ళని భుజాలమీద మోసి ఫ్లైఓవరు దాకా తెచ్చిన కుర్రాళ్ళని కళ్ళారా చూశాను. పొట్లాలతో మేం ఫొటో దిగి గ్రూపులో పెట్టుకున్నాం. నూట ముప్ఫై దణ్ణాలు వచ్చాయి.

ఫ్లైఓవరు దగ్గర పొట్లాలు దింపుతుంటే, ఓ వాలంటీరు కుర్రాడు అడిగాడు. "లోపల మీవాళ్ళెవరైనా ఉన్నారా మేడం? వీధి చెబితే పడవలో చూసొస్తాం."

నోరు తెరిచాను. మాట రాలేదు.

ఆరేళ్ళనుంచి మా ఇంటి తాళంచెవి ఆ అమ్మాయి దగ్గరుంది. ఆమె ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. సింగ్‌నగర్ అని తెలుసు. సింగ్‌నగర్ అంటే వేల ఇళ్ళు. ఏ వీధి, ఏ సందు, దగ్గర్లో ఏ గుడి ఉంది, ఏ మసీదుంది, ఏమీ తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అవసరంపడలేదు. మా అమ్మమ్మ గడప దాటనివ్వనివాళ్ళ ఇల్లు కూడా అమ్మమ్మకి తెలుసు. వాళ్ళ పిల్లల పేర్లు తెలుసు. నేను గడప దాటనిచ్చాను, వంటింట్లో తిరగనిచ్చాను, ఆమె తెచ్చిన తోడు తింటున్నాను, అదే గొప్ప అనుకున్నాను.

"తెలియదు బాబూ" అన్నాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. ఇంకొకరి దగ్గరికి వెళ్ళాడు.

తొమ్మిదోరోజు పొద్దున తలుపు చప్పుడైంది. ఆ అమ్మాయే. పాదాలు నీళ్ళల్లో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒంటిమీద ఎవరిదో చీర. లోపలికొచ్చి చీపురు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ముందుగా నా నోట్లోంచి వచ్చినమాట ఏమిటో చెప్పనా? "నేను పంపింది విన్నావా?"

"ఏం పంపారమ్మా? ఫోను ఆ మొదటిరోజే నీళ్ళల్లో పోయింది."

అమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు అంతకు రెట్టింపు సిగ్గేసింది.

కాఫీ తాగుతూ చెప్పింది. తెల్లారగట్ల మంచంకిందికి నీళ్ళొచ్చాయిట. పిల్లలని ఎత్తుకుని పక్కింటి మేడెక్కితే, అక్కడ అప్పటికే ముప్ఫై నలభైమంది ఉన్నారుట. నాలుగురోజులు ఒకే పొయ్యి. పైనుంచి పడ్డ పాలపాకెట్లు చంటిపిల్లలకి గరిటెలతో కొలిచి పంచారుట. ఎవరి బిడ్డ ఎవరి ఒళ్ళో పడుకుందో తెలియదుట.

"ఆ నాలుగురోజులూ అందరం ఒకటే ఇల్లమ్మా. అంతకుముందు కుళాయి దగ్గర కొట్టుకున్నవాళ్ళమే" అని నవ్వింది. "నీళ్ళు తీసేశాక మళ్ళీ ఎవరి తలుపులు వాళ్ళు వేసేసుకున్నాం. నిన్న ఆ మేడావిడ నాతో తగువు కూడా పెట్టుకుంది."

ఆ మాట విని నాకెంత ఊరటగా ఉందో చెప్పలేను. పేదవాళ్ళకి దయ ఎక్కువ, ఉన్నవాళ్ళకి తక్కువ అని రాసేస్తే వ్యాసం బాగా కుదిరేది. కానీ అసలు సంగతి అది కాదు. నీళ్ళొస్తే ఎవరికైనా పక్కవాడు కనిపిస్తాడు. తీసేస్తే కనిపించడు. డబ్బు చేసే పనల్లా మనకెప్పుడూ నీళ్ళు తీసేసినట్టే ఉంచడం. ఫోను నొక్కితే పెరుగొస్తుంది, మనిషొస్తాడు, మందొస్తుంది. ఎవర్నీ అడగనక్కరలేదు. అడగడం మానేసినవాళ్ళకి, అడిగేవాళ్ళ మొహం ఎలా ఉంటుందో మెల్లిగా మరుపొస్తుంది. చేబదులు పోయింది, చందా మిగిలింది. చందా మంచిదే, కడుపు నింపుతుంది. కానీ చందా ఇచ్చినవాడికి ఇల్లెక్కడో తెలియనక్కరలేదు.

ఆ సాయంత్రం నేను ఆ అమ్మాయితోపాటు ఆటో ఎక్కాను. "వద్దమ్మా, బురద" అంటూనే ఉంది. సందులో మోకాలిదాకా బురద, గుమ్మాలముందు నానిపోయిన పరుపులు, పిల్లల పుస్తకాలు. గోడమీద నీటిచార నా తలకన్నా ఎత్తుగా ఉంది. ఒక్కటే గది. మా వంటింటికన్న చిన్నది. ఇచ్చినడబ్బు తీసుకుంది. "నెలకింతని కోసుకోండి" అంది. కోస్తాను అన్న నా మాట ఫోనుతోపాటు బుడమేట్లో కొట్టుకుపోయిందిగాని, నా చెవుల్లో ఇంకా ఉంది. "అవేం మాటలు" అన్నాను. ప్రభుత్వం కూడా కింద ఇళ్ళవాళ్ళకి పాతికవేలు ఇస్తామంది. అయినా బీరువా, కుట్టుమిషను, పెళ్ళినాటి ఫొటో అన్నీ పాతికవేలల్లో పడతాయా?

బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చి, ఏదో అడగడానికి తటపటాయించింది. ఇంకొంచెం డబ్బు కావాలేమో అనుకుని, "చెప్పు, ఫరవాలేదు" అన్నాను, సంచీలో చెయ్యిపెట్టి.

"రేపు వచ్చినప్పుడు కాస్త తోడు ఇస్తారా అమ్మా? మా అత్త తోడు గిన్నెతో సహా పోయింది. మీ ఇంట్లో ఉంటుందిగా."

సంచీలోంచి చెయ్యి తీసేశాను. "నాదేమిటే, అది నీదేగా" అన్నాను.

మర్నాడు అదే బుల్లి స్టీలుడబ్బాలో వేసి ఇచ్చాను. గిన్నె ఖాళీగా పంపకూడదన్నట్టే, పెరుగుచుక్క వెళ్ళినా పక్కన ఏదో ఒకటి ఉండాలని రెండు కరివేపాకురెబ్బలు మూతమీద పెట్టాను. ఆమెకి అర్థంకాలేదు, "కూరలోకా?" అంది. ఔనన్నాను.

ఎదురు ఫ్లాటు పిల్లకి కూడా ఓ చిన్నగిన్నెతో తోడు ఇచ్చి, ఎలా వెయ్యాలో చెప్పివచ్చాను. మూడురోజులు సరిగ్గా తోడుకోలేదని రోజూ రాత్రి తలుపు కొట్టి అడిగింది. మొదటిరోజు గంట మోగగానే మా వారు, "ఎవరికి ఏమైంది?" అని కంగారుగా లేచారు.

"ఎవరికీ ఏమీ కాలేదు. తోడు కావాలిట" అన్నాను.